బిడ్డ పాలలో నీళ్లు పెంచొద్దు తల్లీ, తగ్గించాల్సిన ఖర్చు వేరే ఉంది

ప్రశ్న: అమ్మా, మేము తిరుపతి కొర్లగుంటలో బాడుగ ఇంట్లో ఉంటాం. మా ఆయన రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు, చేతికి 24,000 వస్తుంది. పాపకు మూడేళ్లు నిండాయి, బాబుకు ఏడు నెలలు. నెల ఖర్చు రాస్తున్నాను. బాడుగ 7,000, సరుకులు కూరగాయలు 5,500, పాలు 1,500, గ్యాసు కరెంటు 1,600, బాబుకు పాలపొడి 2,600, డైపర్లు 2,100, డబ్బా సిరియల్ 1,100, పాపకు పాలలో కలిపే చాక్లెట్ పొడి 500, ప్లేస్కూల్ 1,500, ఆటోలు 1,200, నగల లోను వడ్డీ 900, ఫోన్లకు 700. ప్రతి నెలా రెండు వేల పైనే అంగట్లో అప్పు పడుతోంది. ఈ మధ్య పాలపొడి ఎక్కువ రోజులు రావాలని నాలుగు చెంచాలు వేయాల్సిన చోట మూడే వేసి కలుపుతున్నాను. రాత్రిపూట నేను మజ్జిగ తాగి పడుకుంటున్నాను. బాబు మొదటి పుట్టినరోజు హాల్లో చేయాలని అత్తగారు వాళ్లు అంటున్నారు, దానికి మళ్లీ నగలు పెట్టాలి. ఏం తగ్గించాలో తోచడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

నా కూతురి వయసు నీది, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. మిగతా సంగతులు తర్వాత చూద్దాం. ఇది చదివిన పూట నుంచే బాబుకు పాలపొడి డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలుపు. నాలుగు చెంచాలంటే నాలుగే, చెంచా అంచుకు సమానంగా. పొడి తగ్గితే బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది కానీ అందులో బలం ఉండదు. బరువు పెరగడం ఆగిపోతుంది. పసిపిల్లల ఒంట్లోకి నీళ్లు మరీ ఎక్కువగా చేరితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. నిన్ను భయపెట్టాలని రాయడం లేదు. ఇన్నాళ్లూ నీకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు. తప్పు చేశానని కుమిలిపోవద్దు, ఈరోజే మానెయ్.

పాలపొడి ఖర్చు తగ్గే దారులు వేరే ఉన్నాయి. చాలా కంపెనీల పొడి రేకు డబ్బాలోనూ వస్తుంది, అట్టపెట్టెలో రీఫిల్ ప్యాకెట్‌గానూ వస్తుంది. పొడి అదే, రీఫిల్ ధర తక్కువ. నీ దగ్గర ఇంకా ఎంతో కొంత పాలు పడుతుంటే రాత్రిళ్లు తప్పకుండా బాబుకు ఇవ్వు. బిడ్డ చప్పరించే కొద్దీ పాలు పడతాయి. ఏడో నెల దాటింది కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు మెత్తటి ఆహారం పెడుతూ పోతే పొడి పాల అవసరం నెమ్మదిగా తగ్గుతుంది. ఏడాది నిండాక మామూలు పాలు సరిపోతాయి. ఏడాది దాటిన పిల్లల కోసమని పెద్ద నంబర్లు వేసి అమ్మే డబ్బాలు కొనాల్సిన పని లేదు. అంటే ఈ 2,600 ఇంకో ఐదు నెలల ఖర్చు మాత్రమే. ఆ ఐదు నెలలూ అందులోంచి రూపాయి కూడా లాగొద్దు.

ఇప్పుడు నువ్వు రాసిన లెక్క చూద్దాం. మొత్తం కూడితే 26,200 వచ్చింది. చేతికొచ్చేది 24,000. అందులో పాలపొడి, డైపర్లు, సిరియల్, చాక్లెట్ పొడి, ప్లేస్కూల్, ఈ ఐదూ కలిపితే 7,800. మీ ఇంటి బాడుగ కన్నా ఎక్కువ. నువ్వేమో కోత పెట్టడం బిడ్డ పాలతో, నీ రాత్రి భోజనంతో మొదలుపెట్టావు. చాలామంది తల్లులు చేసేది ఇదే. నోట్లోకి పోయేది తగ్గిస్తారు, పిల్లల పేరు చెప్పి అమ్మే వస్తువుల జోలికి మాత్రం పోరు. ఎందుకంటే అవి మానేస్తే పిల్లలకు ఏదో లోటు చేసినట్టు అనిపిస్తుంది. ఆ భయం నీలో పుట్టింది కాదు, అంగడి నేర్పింది. మన దేశంలో 1992 నుంచే ఒక చట్టం ఉంది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, డబ్బా ఆహారానికి ప్రకటనలు వేయకూడదు. తల్లిపాలకు అవి సాటి అనే భ్రమ కలగకూడదనే ఆ నిషేధం పెట్టారు.

డైపర్లతో మొదలుపెడదాం, అక్కడే ఎక్కువ మిగులుతుంది. 2,100 అంటే రోజుకు ఆరు దాకా వాడుతున్నావన్న మాట. పగలంతా గుడ్డలు, రాత్రికి ఒక్క డైపరు, ఊరికి వెళ్లినప్పుడు ఇంకొన్ని. నెలకు నలభై దాటవు. ఐదువందల లోపు అయిపోతుంది. మీ నాన్నదో మామగారిదో పాత నూలు పంచె, బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర, ఇవి కత్తిరించి ఇరవై ఐదు గుడ్డలు చెయ్. నైలాను, పాలిస్టరు కలిసినవి వద్దు, తడి పీల్చవు. కొత్త గుడ్డ కొనాల్సి వస్తే నగరి, పుత్తూరు మగ్గాల వైపు నూలు గుడ్డ దొరుకుతుంది.

ఉతకడమే కష్టమని నాకు తెలుసు. నేను ఇద్దరు పిల్లల్ని చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఇలాగే పెంచాను, వాషింగ్ మిషన్ లేదు. మలం ఉన్న గుడ్డను వెంటనే దులిపి విడిగా నానబెట్టాలి, మూత్రం గుడ్డలు ఒక బకెట్లో వేసి పొద్దున ఒక్కసారే ఉతకాలి. మామూలు సబ్బు చాలు, కానీ సబ్బు మిగలకుండా రెండు నీళ్లలో జాడించు. మంచి వాసన కోసం పోసే కండిషనర్ వద్దు, అది గుడ్డను తడి పీల్చకుండా చేస్తుంది, పసి చర్మానికీ పడదు. మిద్దె మీద ఎండలో ఆరేస్తే చాలు. తిరుపతి ఎండకు గంటలో పెళపెళలాడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు పట్టే రోజులు. అప్పుడు గుడ్డలు ఆరక అవస్థ పడొద్దు, ఆ వారాల్లో డైపర్లు ఇంకొన్ని వాడుకో. ఆరీ ఆరని గుడ్డను ఇస్త్రీ చేసి కట్టడం నేను చేసేదాన్ని. ఇంకో లాభం కూడా ఉంది. గాలి తగిలి తొడల సందుల్లో ఎరుపు తగ్గుతుంది, దానికి కొనే క్రీము ఖర్చూ పోతుంది. పౌడరు మాత్రం ఎవరు బహుమతిగా ఇచ్చినా వాడకు. అది ఊపిరితో లోపలికి పోతుంది.

ఇక సిరియల్ డబ్బా. మన జిల్లాలో రాగులు దొరకని అంగడి లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే పాలలో దాదాపు 120 ఉంటుంది. కిలో రాగులు కడిగి రాత్రంతా నానబెట్టు. పొద్దున నీళ్లు వంచేసి పలచటి నూలు గుడ్డలో మూటకట్టి, అప్పుడప్పుడూ నీళ్లు చిలకరిస్తూ ఒక రోజో రోజున్నరో ఉంచు. తెల్లటి మొలకలు కనబడగానే నీడలో బాగా ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టించు. బాబుకు మాత్రం పలచటి గుడ్డలో జల్లించి పెట్టు.

మొలకెత్తించమని ఎందుకు చెబుతున్నానంటే, మొలకలో పుట్టే ఎంజైము పిండి చిక్కదనాన్ని విరుస్తుంది. మామూలు రాగిపిండి రెండు చెంచాలు వేస్తేనే జావ ముద్దలా అయిపోతుంది, పలచన చేయడానికి నీళ్లు పోస్తాం, బిడ్డ చిన్న పొట్టలోకి నీళ్లే పోతాయి. మొలక పిండి అయితే అదే పలచదనానికి ఎక్కువ పిండి పడుతుంది, గిన్నెడులో బలం ఎక్కువ ఉంటుంది. రాగుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికీ మొలకెత్తించడం సాయం చేస్తుంది. చివర్లో అర చెంచా నెయ్యో నూనో వెయ్. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర, బెల్లం వద్దు. తేనె అసలే వద్దు.

రాగి ఒక పూట, ఉగ్గు ఇంకో పూట. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి ఆరబెట్టి దోరగా వేయించి రవ్వలా పట్టించుకుంటే నెల వస్తుంది. మూడో పూట మీరు తినే పప్పన్నమే, కారం వేయక ముందు ఒక గరిటె తీసి మెత్తగా మెదిపి పెట్టు. ఉడికించిన గుడ్డు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, కొద్దికొద్దిగా. అరటిపండు, బొప్పాయి మెదిపి పెట్టు. సీసా కన్నా స్టీలు ఉగ్గుగిన్నె, చెంచా మేలు. సీసా మూతల సందుల్లో మిగిలే పాల వల్ల విరేచనాలు పట్టుకోవచ్చు, ఒక్కసారి ఆసుపత్రికి పోతే నెల పొదుపు పోతుంది.

ఇవన్నీ కలిపి 300 దాటవు. 800 మిగులుతుంది.

పాప చాక్లెట్ పొడి పూర్తిగా మానెయ్. అందులో చక్కెర చాలా ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింక్ అనే విభాగంలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది కూడా. అదే మొలక రాగిపిండిని పాలలో కాచి కాస్త బెల్లం వేస్తే పాప తాగుతుంది. మొదటి వారం మారాం చేస్తుంది, ఓపిక పట్టు. సాయంత్రం ఆకలికి బొరుగులు, పప్పుల పొడి, చెనక్కాయలు వేయించి బెల్లంతో దంచిన పొడి. చెనక్కాయ గింజలు గింజలుగా మాత్రం ఇవ్వొద్దు, నాలుగైదేళ్లు వచ్చేదాకా గొంతులో అడ్డం పడే భయం ఉంటుంది.

నువ్వు అంగన్‌వాడీ మాట ఎక్కడా రాయలేదు. వెళ్లడం లేదనుకుంటాను. 'అది లేనివాళ్లకు కదా' అని చాలామంది అంటారు. కాదు తల్లీ. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అది చట్టం ఇచ్చిన హక్కు. బాబుకు ఇంటికి తీసుకెళ్లే బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, 2.5 కిలోలు. గుడ్లు, పాలు కూడా ఉంటాయి. ఆధార్, బాబు పుట్టిన సర్టిఫికెట్ తీసుకెళ్లి పేరు రాయించు. బాలామృతంలో చక్కెర కలిసే ఉంటుంది కాబట్టి బాబుకు రోజుకు ఒక పూటకు మించి వద్దు.

మూడేళ్లు నిండిన పాపకు అక్కడే పూర్వ ప్రాథమిక విద్య, మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు ఉంటాయి. అలాగని ప్లేస్కూల్ రేపే మాన్పించమని చెప్పను. అన్ని సెంటర్లూ ఒకేలా ఉండవు. ఒక ఉదయం పాపతో వెళ్లి గంటసేపు కూర్చో. టీచర్ పిల్లలతో మాట్లాడుతోందా, పాటలు ఆటలు ఉన్నాయా, నీళ్లూ బాత్రూమూ శుభ్రంగా ఉన్నాయా చూడు. నచ్చితే 1,500 మిగులుతుంది, నచ్చకపోతే ప్లేస్కూలే కొనసాగించు. ఈ డబ్బు లేకుండానే లెక్క కుదిరేలా చూస్తున్నాను.

టీకాల సంగతి నువ్వు రాయలేదు కానీ అడుగుతున్నాను. ప్రైవేటులో వేయిస్తుంటే ఆ ఖర్చు నీ లెక్కలో ఎక్కడో దాగి ఉంటుంది. మీ దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్‌లో బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటావైరస్, న్యుమోనియా టీకా పీసీవీ, ఇవన్నీ ఉచితం. రోటా టీకాను 2016లో దేశంలో ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. బాబుకు తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్ రుబెల్లా టీకా, విటమిన్ ఏ చుక్కలు ఉంటాయి, మర్చిపోకు. దగ్గు వస్తే మెడికల్ షాపులో అడిగి సిరప్ తేవొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు ఇవ్వకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టంగా చెప్పింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు బిళ్లలు ఆశా కార్యకర్తను అడిగితే ఉచితంగా ఇస్తారు.

ఆటోలకు 1,200 ఎక్కువ. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ దగ్గర పెట్టుకుంటే చాలు. ఊరికి వెళ్లడానికైనా, రుయా ఆసుపత్రికైనా వీలున్నప్పుడల్లా బస్సు చూడు. బిడ్డకు జ్వరంగా ఉన్నప్పుడు మాత్రం ఆటోనే ఎక్కు, అప్పుడు పొదుపు చూడొద్దు. 700 మిగలొచ్చు. రేషన్ కార్డు ఉంటే దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, ముందు డబ్బు కట్టాలి, తర్వాత బ్యాంకులో పడుతుంది. ఆ డబ్బు పడుతోందో లేదో పాస్‌బుక్ చూసుకో. కూరగాయలకు రైతు బజారుకు వారానికి రెండుసార్లు వెళ్లు, అక్కడ ధరల బోర్డు ఉంటుంది, బేరమాడే బాధ లేదు. చింతపండు, మిరపకాయలు మాత్రం కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా ఒక్కసారే తీసుకుంటే మంచిది.

ఇప్పుడు కూడి చూడు. డైపర్లలో 1,600, సిరియల్‌లో 800, చాక్లెట్ పొడి 500, ఆటోల్లో 700. మొత్తం 3,600. అంగడి అప్పు 2,200 పోయాక 1,400 మిగిలింది. అందులో మొదటి ఖర్చు నీ అన్నం. దీనికి నువ్వు ఒప్పుకుంటేనే మిగతా సలహాలు పాటించు. పాలిచ్చే తల్లి మజ్జిగ తాగి పడుకుంటే పాలు ఎక్కడి నుంచి వస్తాయి? తిండిలేని ఒళ్లుకు నిద్రా పట్టదు, చిరాకూ ఆగదు. రాత్రికి సంగటో అన్నమో, పప్పో ఆకుకూరో, రోజుకో గుడ్డు. చలికాలంలో అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని తినండి. మీ ఆయన పళ్లెంలో ఏముందో నీ పళ్లెంలోనూ అదే ఉండాలి. ఈ ముక్క ఆయన చేత చదివించు.

మిగిలింది నగల లోను అసలుకు కట్టు, ఎంత చిన్న మొత్తమైనా తీసుకుంటారేమో బ్యాంకులో అడుగు. ఐదు నెలల తర్వాత పాలపొడి 2,600 ఆగిపోతుంది కదా, అందులో మామూలు పాలకు పెరిగేది పోగా మిగతాది కూడా ఆ లోనుకే పోవాలి. ఫోన్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

పుట్టినరోజు సంగతి. హాలు, భోజనాలు అని నగలు మళ్లీ పెట్టొద్దు. మీరు ఏడుకొండల కింద ఉన్నారు. ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దారి నుంచి దర్శనానికి పంపే వెసులుబాటును టీటీడీ చాలాకాలంగా ఇస్తోంది. బాబు పుట్టిన సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ కార్డులు ఉండాలి, వెళ్లే ముందు వేళలు కనుక్కోండి. కాబట్టి ఏడాది నిండాక కాదు, తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో పుట్టువెంట్రుకలు తీయించండి. కల్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అందరూ తృప్తిగా భోంచేసి రావొచ్చు. పుట్టినరోజు నాడు ఇంట్లో పాయసం, ఇరుగుపొరుగు పిల్లలు పదిమంది. అత్తగారితో ఈ మాట నువ్వు చెబితే కోడలు పిసినారితనం అనుకోవచ్చు. మీ ఆయనను చెప్పమను, అది కూడా "డబ్బుల్లేవు" అని కాదు, "వాడి మొదటి మొక్కు స్వామికే చెల్లిద్దాం" అని. పెద్దవాళ్లకు నచ్చే మాటే అది, నిజమూ అదే.

ఎవరైనా బాబుకు వాకర్ కొనిస్తామంటే వద్దని చెప్పు. పిల్లలు అందులో వేగంగా దొర్లి మెట్ల మీద, పొయ్యి దగ్గర దెబ్బలు తగిలించుకుంటారు. కెనడాలో 2004లోనే వాటిని నిషేధించారు. ఇచ్చే మనసుంటే ఒక మంచి దోమతెర ఇమ్మని అడుగు.

ఈ వారం అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు బాబును తూకం వేయించు. ఏడు నెలల మగపిల్లవాడు సగటున 8.3 కిలోలు ఉంటాడు. 6.7 కన్నా తగ్గితే, లేదా పోయిన నెల కన్నా పెరగకపోతే, ఆగకుండా రుయాలో పిల్లల డాక్టర్‌కు చూపించి, పాలపొడి పలచన చేసిన సంగతి దాచకుండా చెప్పు. వాళ్లు కోప్పడినా పడనీ. తల్లీబిడ్డల కార్డులో ఆ తేదీ, బరువు రాయించుకో. సరిగ్గా నెల తర్వాత మళ్లీ తూయించి రెండు అంకెలూ నాకు రాయి, నీ రాత్రి భోజనం సంగతి కూడా రాయి. ఎదురు చూస్తుంటాను.